చెరువుగట్టు పక్షులను ఎక్కడ, ఎలా నమోదు చేయాలి: ఊరి పరిశీలక బృందాలకు ఒక పోలిక

దసరా నాడు పాలపిట్టను చూడాలన్న ఆనవాయితీ మనకు ఉంది. ఆ ఒక్క సాయంత్రం ఊరంతా పొలిమేర దాటి, కరెంటు తీగల మీదా జమ్మిచెట్టు కొమ్మల మీదా నీలిరెక్కల పిట్ట కోసం వెతుకుతుంది. కనబడితే సంతోషిస్తాం, కనబడకపోతే, తమ చిన్నతనంలో ఎటు చూసినా ఇవే ఉండేవని పెద్దలు చెబుతారు. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చడానికి ఊళ్ళో రాతపూర్వకమైన ఆధారం ఒక్కటీ ఉండదు. 2023లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక 942 జాతుల పరిస్థితిని అంచనా వేసి, తగ్గుతున్నవాటిలో పాలపిట్ట కూడా ఉందని, దాని సంరక్షణ స్థాయిని ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంఘం (ఐయూసీఎన్) తిరిగి పరిశీలించడం మంచిదని సూచించింది. ఆ అంచనాకు ఆధారం దేశమంతటా 30 వేలమందికి పైగా పరిశీలకులు రాసిపెట్టిన సుమారు 3 కోట్ల నమోదులు. వారిలో అత్యధికులు శాస్త్రవేత్తలు కారు. ఉదయం నడకకు వెళ్ళేవారు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, పొలం పనుల మధ్య తల ఎత్తి చూసేవారు.

పాలపిట్ట తగ్గిందని చెప్పగలిగింది దాన్ని చూసి ఫోటో తీసినవారి వల్ల కాదు. వెళ్ళి, వెతికి, కనబడిన ఇతర పక్షులన్నింటినీ రాసి, ఆ జాబితాలో పాలపిట్ట లేదని పరోక్షంగా తెలిపినవారి వల్ల. చూసిన పక్షిని మాత్రమే నమోదు చేసే పద్ధతులు కొన్ని, చూడని పక్షి గురించి కూడా చెప్పగలిగే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఊళ్ళో నలుగురు కలిసి తమ చెరువు పక్షులను నమోదు చేయాలనుకున్నప్పుడు ఏ యాప్ బాగుంటుందని అడుగుతారు గానీ, ఈ తేడాను అడగరు. నా దృష్టిలో ఎంపికకు గీటురాయి ఇదే.

కాగితం, వాట్సాప్

చాలా బృందాలు వాట్సాప్ గ్రూపుతో మొదలవుతాయి. ఉత్సాహం నిలబెట్టడానికి, రేపు ఎన్ని గంటలకు ఎక్కడ కలవాలో చెప్పుకోవడానికి అంతకు మించిన సాధనం లేదు. నమోదుకు మాత్రం అది పనికిరాదు. ఫోటో ఒకరి నుంచి మరొకరికి చేరేటప్పటికి అది ఏ రోజు తీసిందో, ఏ చెరువు దగ్గర తీసిందో ఊడిపోతుంది. పక్క జిల్లా నుంచి ఫార్వర్డ్ అయిన బాతు మన ఊరి బాతుగా చెలామణి అవుతుంది. మా బృందం మొదటి ఏడాది కష్టమంతా ఒక గ్రూపులోనే ఉండేది. దాన్ని నడిపిన మిత్రుడు ఫోను మార్చినప్పుడు పాత ఫోటోల్లో సగానికి పైగా తిరిగి రాలేదు.

నోటు పుస్తకం అలా కాదు. తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, స్థలం, ఎంతమంది చూశారు, ఏ పక్షి ఎన్ని అనే ఆరు విషయాలు వరుసగా రాసిన పుస్తకం ఎన్నేళ్ళయినా విలువ కోల్పోదు. పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ 1931-32లో నిజాం సంస్థానంలో తిరిగి చేసిన హైదరాబాద్ పక్షి సర్వేను ఇప్పటికీ పోలికకు వాడుకోగలుగుతున్నామంటే, ఏ పక్షి ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలు రాతలో నిలిచినందువల్లనే. అయితే పుస్తకం బీరువాలో ఉంటే ఆ సమాచారం ఊరి పొలిమేర దాటదు. కనుక పుస్తకాన్ని యాప్‌కు పోటీగా కాక, యాప్‌కు ముందు మెట్టుగా చూడటం మంచిది. సిగ్నల్ లేని చోట, ఫోను చేతబట్టలేని వయసు పిల్లలతో వెళ్ళినప్పుడు, ముసురు పట్టిన రోజున పెన్సిలూ పుస్తకమే దిక్కు.

ఈబర్డ్: జాబితాయే ప్రాణం

పక్షుల నమోదు వేదిక ఈబర్డ్‌ను 2002లో అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, నేషనల్ ఆడుబాన్ సొసైటీ కలిసి ప్రారంభించాయి. 2010లో అది ప్రపంచమంతటికీ విస్తరించింది. మన దేశానికి సంబంధించిన విభాగాన్ని పక్షి పరిశీలక సంస్థల ఉమ్మడి వేదిక అయిన బర్డ్ కౌంట్ ఇండియా చూస్తుంది. ఇందులో నమోదుకు మూలం ఒక పక్షి కాదు, ఒక జాబితా. మీరు ఎక్కడ, ఎంతసేపు, ఎంత దూరం నడిచి, ఎంతమందితో చూశారో చెప్పి, కనబడిన, వినబడిన పక్షులను సంఖ్యలతో సహా రాస్తారు. చివర యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తించగలిగిన పక్షులన్నింటినీ ఇందులో చేర్చారా? అవును అంటే అది సంపూర్ణ జాబితా. కొత్తవారు ఈ ప్రశ్న దగ్గరే తడబడతారు. అన్ని పక్షులనూ గుర్తుపట్టలేకపోయాం కదా, మాది సంపూర్ణం ఎలా అవుతుందని సందేహిస్తారు. ప్రశ్న అడిగేది అది కాదు. గుర్తుపట్టినవాటిలో దేన్నీ కావాలని వదిలేయలేదు కదా అని మాత్రమే. కాకిని, గోరువంకను, పావురాన్ని మామూలువే కదా అని రాయకుండా, అరుదైన డేగను ఒక్కదాన్నే రాస్తే ఆ జాబితా సంపూర్ణం కాదు. ఇరవై రకాల పక్షులు మాత్రమే తెలిసిన పదవ తరగతి విద్యార్థి, ఆ ఇరవైలో కనబడినవన్నీ నిజాయితీగా రాస్తే అది సంపూర్ణమే.

మామూలు పక్షిని రాయకపోతే ఏమవుతుందో పిచ్చుక ఉదంతం చెబుతుంది. పిచ్చుకలు అంతరించిపోతున్నాయని ఎన్నో ఏళ్ళుగా అందరం అనుకున్నాం. 2020 నాటి 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక ఇలాంటి జాబితాలను పరిశీలించి, దేశం మొత్తం మీద పిచ్చుక సంఖ్య దాదాపు నిలకడగానే ఉందని, తగ్గుదల హైదరాబాద్‌తో సహా మహానగరాల్లో కనిపిస్తోందని తేల్చింది. పిచ్చుకను రాయడం ఎందుకులే అని అందరూ వదిలేసి ఉంటే ఈ తేడా ఎన్నటికీ తెలిసేది కాదు.

ఈ వేదికలో మరికొన్ని సౌకర్యాలు బృందాలకు ప్రత్యేకంగా ఉపయోగపడతాయి. ఒకే నడకకు పదిమంది వెళితే ఒకరు జాబితా రాసి మిగతావారితో పంచుకోవచ్చు; అప్పుడు రెండు వందల కొంగలు పదిమంది ఖాతాల్లో రెండు వేలుగా మారవు. ఆ ప్రాంతానికి, ఆ కాలానికి అసాధారణమైన జాతినో సంఖ్యనో నమోదు చేస్తే అది పరిశీలనకు వెళుతుంది. స్వచ్ఛందంగా పనిచేసే సమీక్షకులు వివరణ అడుగుతారు. ఆ ఉత్తరాన్ని అవమానంగా తీసుకుని మానేసినవారిని నేను చూశాను. నిజానికి అది పొలం సరిహద్దు రాయి వంటిది. అది లేకపోతే ఎవరి లెక్కా నిలవదు. ఒకే చోట నిలబడి చూసినదాన్ని స్థిర జాబితాగానూ, నడుస్తూ చూసినదాన్ని ప్రయాణ జాబితాగానూ వేరుచేస్తారు. స్థిర జాబితాకు నిలబడిన చోటు నుంచి 30 మీటర్ల లోపే ఉండాలి.

లోపాలు లేకపోలేదు. ఇది పక్షులకే పరిమితం. చెరువులోని తామరనూ, గట్టు మీది సీతాకోకచిలుకనూ ఇక్కడ రాయలేరు. జాతిని గుర్తించే బాధ్యత పూర్తిగా రాసేవారిదే. ఇదేమిటో చెప్పండని అడగడానికి ఇది తగిన చోటు కాదు. పైగా ఎన్ని జాతులు చూశారో లెక్కించి పట్టికలో చూపించే ఏర్పాటు కొందరిని పందెంలోకి దింపుతుంది. ఊరి చెరువును వదిలి, కొత్త జాతి కోసం వందల కిలోమీటర్లు కారులో తిరిగేవారి వల్ల ఆ ఊరి రికార్డుకు ఒరిగేదేమీ లేదు.

ఐనాచురలిస్ట్: ఫోటోయే సాక్ష్యం

ఐనాచురలిస్ట్ 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టింది. ఇక్కడ నమోదు అంటే ఒక జీవి, ఒక ఫోటో లేదా ధ్వని, ఒక స్థలం, ఒక తేదీ. పేరు తెలియకపోయినా 'పక్షి' అని పెట్టి వదిలితే చాలు. తెలిసినవారు వచ్చి చెబుతారు. ఫోటో, తేదీ, స్థలం సరిగా ఉండి, కనీసం ఇద్దరు ఒకే జాతి అని చెప్పి, అభిప్రాయం చెప్పినవారిలో మూడింట రెండు వంతులకు పైగా అంగీకరిస్తే దానికి పరిశోధన స్థాయి ముద్ర పడుతుంది. నేర్చుకునేవారికి ఇంతకంటే ఓపికైన బడి లేదు. చెట్టు, పురుగు, కప్ప, పాము అన్నీ ఒకే చోట నమోదవుతాయి గనుక బడి ఆవరణలోని జీవవైవిధ్య పట్టిక తయారుచేయాలనుకునే ఉపాధ్యాయులకు ఇదే సరైనది. తీగలకు తగిలి చనిపోయిన పక్షి, రాలిన ఈక, ఖాళీ గూడు వంటి ఆనవాళ్ళను కూడా ఇక్కడ పెట్టవచ్చు.

కానీ ఇది చూసిన పక్షిని మాత్రమే నమోదు చేసే పద్ధతి. ఫోనుతో ఫోటో తీయగలిగే పక్షులేవి? దగ్గరగా, నిదానంగా, వెలుతురులో కూర్చునేవి. గట్టు మీది లకుముకిపిట్టకు నలభై ఫోటోలు ఉంటాయి. వంద మీటర్ల అవతల తేలుతున్న బాతుల గుంపు మచ్చలుగా మిగులుతుంది. పొదలో అరిచి కనబడకుండా పోయిన జెముడుకాకి అసలు లెక్కలోకే రాదు. పదేళ్ళ ఫోటోలు పోగేసినా ఆ చెరువులో ఏ పక్షి పెరిగిందో, ఏది తగ్గిందో నమ్మకంగా చెప్పలేం, ఎందుకంటే ఫోటో తీయని రోజున పక్షి లేదో, కెమెరా లేదో తెలియదు.

పంజరపు పక్షి విషయంలో కూడా జాగ్రత్త అవసరం. దసరా దర్శనం పేరుతో పాలపిట్టలను పట్టి పంజరాల్లో తిప్పే అలవాటు కొన్నిచోట్ల ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అలాంటి పక్షిని ఐనాచురలిస్ట్‌లో పెడితే బంధితమైనదని గుర్తు పెట్టాలి. ఈబర్డ్ జాబితాలో చేర్చనే కూడదు.

మన దేశంలోనే రూపొందిన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ కూడా దాదాపు ఇదే పద్ధతిలో అన్ని జీవులనూ స్వీకరిస్తుంది. జాతుల వివరాల పుటలు, పటాలు అందులో కలిసి ఉంటాయి. జిల్లా స్థాయిలో మొక్కల మీద, సీతాకోకచిలుకల మీద పనిచేసే మిత్రులు అక్కడ ఉంటే అటు వెళ్ళడం సబబే. పక్షుల కోసమే రెండింటిలో ఒకటి ఎంచుకోవాలంటే, మీకు తెలిసినవారు ఎక్కడ జవాబిస్తారో అక్కడికి వెళ్ళండి.

మెర్లిన్ గురువా, సాక్షియా?

కార్నెల్ ప్రయోగశాలవారిదే అయిన మెర్లిన్ యాప్ ఉచితం. కూత వినిపిస్తే పేరు చెబుతుంది, ఫోటో చూపిస్తే ఊహిస్తుంది. తెల్లవారుజామున చెరువుగట్టు మీద దాన్ని తెరిచినప్పుడు కలిగే ఆశ్చర్యం నిజమైనదే. దాని మాటను యథాతథంగా జాబితాలోకి ఎక్కించడం మాత్రం తప్పు. పసులపోలిగాడినే తీసుకోండి. పశువుల వీపు మీద కూర్చునే ఈ నల్లపిట్ట శిక్రా డేగ కూతను అనుకరించి, గోరువంకలు బెదిరి ఎగిరిపోగానే వాటి తిండిని కాజేస్తుంది. గోరువంకలే మోసపోయిన చోట ఫోను మోసపోవడంలో వింత లేదు. మెర్లిన్ ఒక పేరు చెప్పినప్పుడు అటు తిరిగి, వెతికి, కంటితో చూసో, ఆ కూత మీకే పరిచయమైన తరువాతో రాయండి. ధ్వనిని రికార్డు చేసి జాబితాకు జోడిస్తే సమీక్షకుల పని కూడా తేలికవుతుంది. కూతలనే భద్రపరచాలనుకునేవారికి 2005 నుంచి నడుస్తున్న జెనో-కాంటో వేరే ఉంది. పోల్చి నేర్చుకోవడానికి అది మంచి భాండాగారం.

ఏటికొక పండుగా, ఏడాది పొడవునా?

వేదిక తరువాత తేల్చుకోవలసింది ఎప్పుడెప్పుడు లెక్కపెట్టాలన్నది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది; అదే రోజుల్లో కళాశాలల ఆవరణల్లోనూ లెక్క జరుగుతుంది. వలస పక్షులు ఇంకా ఉండే కాలం, ఎండ ముదరని కాలం గనుక కొత్తవారిని పిలవడానికి అది అనువైన సమయం. జనవరిలో నీటి పక్షులను లెక్కించే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ 1987 నుంచి సాగుతోంది. కొల్లేరు, పులికాట్ వంటి విశాలమైన తడినేలల దగ్గర ఉన్నవారు, గుంపులను లెక్కించడం వచ్చినవారు దానికి చేయి కలపాలి. సంక్రాంతి రోజుల్లో తమిళనాడువారు పొంగల్ బర్డ్ కౌంట్ జరుపుకుంటారు. మనం దసరాను పాలపిట్టల లెక్కగా ఎందుకు మలచుకోకూడదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది; ఆ రోజు ఊరంతా ఎలాగూ అదే పనిమీద బయటికి వస్తుంది.

అయితే పండుగ లెక్క ఏడాదిలో ఒక్క పుట మాత్రమే. చాతకం నైరుతి వానలతో వస్తుంది. గిజిగాడు వానాకాలంలో గూళ్ళు అల్లుతుంది. ఫిబ్రవరి జాబితాకు ఈ రెండు సంగతులూ అందవు. నెలకు రెండుసార్లు, ఒకే చోట, ఒకే సమయంలో, అరగంటకు మించకుండా రాసిన జాబితాలు ఏడాదికి ఇరవై నాలుగు అవుతాయి. ఒక్కరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరిగి రాసిన ఒకే పొడవాటి జాబితా కంటే ఈ ఇరవై నాలుగూ ఎంతో ఎక్కువ చెబుతాయి, ఎందుకంటే అన్నీ ఒకే కొలతతో కొలిచినవి.

సభ్యులు పెద్ద సంఖ్యలో ఉన్న నగర సంఘాలకు మూడో మార్గం ఉంది, అదే అట్లాస్. ప్రాంతాన్ని సమానమైన గళ్ళుగా విభజించి, పక్షులు బాగా ఉన్న చోటికి కాక చీటీలో వచ్చిన గడికే వెళ్ళి లెక్కించడం దీని పద్ధతి. కేరళలో 2015 నుంచి 2020 వరకు వెయ్యిమందికి పైగా స్వచ్ఛంద సేవకులు రాష్ట్రమంతటినీ వానాకాలంలోనూ పొడి కాలంలోనూ ఇలా లెక్కించారు. పరిశీలకులు అందరూ అమీన్‌పూర్ చెరువుకో అనంతగిరి కొండలకో పరిగెత్తే అలవాటుకు ఇది విరుగుడు. బట్టతల గుట్టకూ, రైల్వే యార్డుకూ కూడా ఎవరో ఒకరు వెళ్ళక తప్పదు. పదిమంది కూడా లేని బృందం దీన్ని నెత్తికెత్తుకుంటే మాత్రం రెండో ఏడాదికి అలసిపోతుంది.

పేర్ల చిక్కు

ఏ వేదిక ఎంచుకున్నా తెలుగు పేర్ల దగ్గర ఆగక తప్పదు. తెల్ల కొంగ అని రాస్తే నాలుగు జాతుల్లో ఏదైనా కావచ్చు. నీటికాకి అంటే మన చెరువుల్లో మూడు జాతులు. తీతువు అంటే కంటి దగ్గర ఎర్రతోలు ఉన్నదా, పసుపుతోలు ఉన్నదా చెప్పాలి. మరోవైపు ఒకే పక్షిని ఒక ఊళ్ళో ఏట్రింత అనీ మరో ఊళ్ళో పసులపోలిగాడనీ అంటారు. జాబితాలో శాస్త్రీయ నామానికి కట్టుబడి, వ్యాఖ్యల గడిలో ఆ ఊరివారు పలికిన పేరును, పలికినట్లుగానే తెలుగులో రాయమని నా సలహా. ఆ గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. 1900 తరువాత జాడ తెలియకుండా పోయిన జెర్డాన్స్ కోర్సర్ అనే పక్షి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికినప్పుడు, శాస్త్రలోకానికి అది పునర్దర్శనం. అక్కడి వేటగాళ్ళకు అది ఎప్పటినుంచో తెలిసిన కలివికోడి.

ఆ కలివికోడి వల్లనే ఇంకొక మాట చెప్పాలి. అరుదైన పక్షి ఖచ్చితమైన స్థలాన్ని బహిరంగపరిస్తే వేటగాళ్ళూ, ఫోటోల కోసం ఎగబడేవారూ ఒకే దారిన వస్తారు. ఈబర్డ్ కొన్ని సున్నితమైన జాతుల స్థలాన్ని బయటికి చూపదు; ఐనాచురలిస్ట్ ముప్పు ఉన్న జాతుల స్థలాన్ని తనంతట తానే మసకబరుస్తుంది, మిగతావాటికి ఆ నిర్ణయం మీ చేతిలో ఉంటుంది. వాట్సాప్‌కు ఈ రెండు రక్షణలూ లేవు. తేలినీలాపురం, నేలపట్టు, ఉప్పలపాడు వంటి చోట్ల కొంగలూ గూడబాతులూ గూళ్ళు కట్టే సంగతి అందరికీ తెలిసిందే గనుక దాచేదేమీ లేదు, కానీ గూటి దగ్గరికి వెళ్ళి ఫోటో తీయడం ఏ వేదిక కోసమైనా తగని పనే.

నేనైతే ఏది ఎంచుకుంటాను

చెరువుగట్టు బృందానికి నా మొదటి ఓటు నోటు పుస్తకంతో కూడిన ఈబర్డ్ సంపూర్ణ జాబితాకు, అదీ స్థిర జాబితాకు. గుర్తుపట్టలేని పక్షి ఫోటోను ఐనాచురలిస్ట్‌లో పెట్టి, పేరు తేలాక ఈబర్డ్ జాబితాను సరిదిద్దుకోవచ్చు; రెండింటినీ వాడటంలో వైరుధ్యం లేదు. బడి పిల్లలకు ఈ వరుస తిరగేసి, మొదటి ఏడాది ఐనాచురలిస్ట్‌తో కళ్ళు తెరిపించి, రెండో ఏడాది జాబితాలోకి తీసుకురావడం మేలు. పొలంలో ఒంటరిగా ఉండే రైతుకు యాప్ నేర్పాలన్న పట్టుదల అనవసరం. ఆయన గోడ క్యాలెండర్ మీద చాతకం మొదట కూసిన రోజున గుర్తు పెడితే, బృందంలో ఒకరు నెలకోసారి వెళ్ళి ఆ తేదీని ఎత్తి రాసుకుంటే సరిపోతుంది. ఇంటి పెరటి జాబితాలు పెట్టేవారు మాత్రం స్థలాన్ని ఇంటి గుమ్మం మీద కాక వీధి మలుపులో గుర్తించడం మంచిది, ఎందుకంటే ఆ పటం అందరికీ కనిపిస్తుంది.

ఇప్పటికే పాత డైరీలు ఉన్నవారు వాటిని పారేయవద్దు. గడచిన తేదీలతో జాబితాలు చేర్చే వీలు ఈబర్డ్‌లో ఉంది. తేదీ, స్థలం రెండూ స్పష్టంగా ఉన్న పుటలను ముందు ఎక్కించండి. ఎంతసేపు చూశారో రాసి లేకపోతే ఊహించి నింపవద్దు; దాన్ని అసంపూర్ణ జాబితాగానే ఉంచండి. సంఖ్య రాయని చోట ఎక్స్ గుర్తు పెట్టండి. ఏడాది మాత్రమే గుర్తున్న పుటలను పుస్తకంలోనే ఉండనివ్వండి.